రేకు అచ్చులు, కడప రాతి గట్టు, బెంగళూరు డిసెంబరు

ఏడాదిలో పది నెలలు ఆ గుండ్రటి ఓవెను అటక మీదే ఉండేది. అల్యూమినియం గిన్నె, దాని మీద బరువైన మూత, మూత నడుమ లోపలికి తొంగి చూడటానికి చిన్న గాజు బిళ్ళ, గుడ్డ చుట్టిన వైరు. ఇస్త్రీపెట్టె ప్లగ్గే దీనికీ పనికొచ్చేది. నవంబరు ఆఖరున అది కిందికి దిగిందంటే వెనకాలే ఒక పాత బిస్కట్ల డబ్బా కూడా దిగేది. అందులో బిస్కట్లు కోసే రేకు అచ్చులు. నక్షత్రం, చంద్రవంక, గంట, చేప, బాతు, కాళ్ళూ చేతులూ చాపిన మనిషి బొమ్మ. పేకముక్కల సెట్టు మాత్రం చాలా ఇళ్ళలో ఉండేది. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు, నాలుగూ ఒకదాంట్లో ఒకటి దూరి ఉండేవి.

80ల్లో, 90ల మొదట్లో బెంగళూరులో హెచ్ఏఎల్, బీఈఎల్, ఐటీఐ, హెచ్ఎంటీ లాంటి కంపెనీల ఉద్యోగాలకొచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఈ బిస్కట్ల పని ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఎక్కువగా పక్కింటి నుంచే. కాలనీలో ఒక మంగళూరు ఆంటీయో, కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్ నుంచి వచ్చిన ఆంగ్లో ఇండియన్ ఆంటీయో ఉండేవారు. క్రిస్మస్ పళ్ళెంలో మన గవ్వల్లాంటి కుల్‌కుల్స్, రోజ్ కుకీస్ వచ్చేవి. రోజ్ కుకీలు మనకు కొత్త కాదు, గులాబీ పువ్వుల గుత్తి మన అత్తగార్ల సామాన్లలోనే ఉంది. కానీ నక్షత్రం ఆకారంలో, అంచు పదునుగా, పైన తెల్లటి పాకం గీతలతో వచ్చే బిస్కట్టు మాత్రం కొత్త. మూడు వారాలు తిరక్కుండానే సంక్రాంతి. అప్పుడు కన్నడ ఇళ్ళ నుంచి ఎళ్ళు-బెల్లతో (నువ్వులూ బెల్లం) పాటు సక్కరె అచ్చులు వచ్చేవి, చెక్క అచ్చుల్లో చక్కెర పాకం పోసి తీసిన చిలకలు, తులసికోటలు, గోపురాలు. డిసెంబరులో పిండి బొమ్మలు, జనవరిలో చక్కెర బొమ్మలు. పిల్లలకు అంతకన్నా ఏం కావాలి?

ఈ బిస్కట్లకు డిసెంబరే ఎందుకంటే క్రిస్మస్ ఒక్కటే కారణం కాదు. సముద్రమట్టానికి 920 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు ఇది. డిసెంబరు రాత్రులు 16 డిగ్రీల దాకా దిగుతాయి. తెల్లారి ఏడింటికి వంటింటి కడప రాతి గట్టు మీద అరచెయ్యి పెడితే జిల్లుమనేది. ఆకారం చెడకుండా ఉండాలంటే పిండిలో వెన్న గట్టిగా ఉండాలి, వెన్న గట్టిగా ఉండాలంటే చల్లదనం కావాలి. 165 లీటర్ల ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన తట్టకు చోటు దొరకని రోజుల్లో ఆ పని ఊరి చలే చేసిపెట్టేది. ఇదే పని మద్రాసులో, అంటే చెన్నైలో, చేసినవాళ్ళను అడగండి. డిసెంబరులో కూడా పగలు 28, 29 డిగ్రీలు, పైగా వాన తేమ. ఒత్తడం పూర్తయ్యేలోపు వెన్న జారి పిండి కర్రకు అతుక్కునేది. అక్కడివాళ్ళు తెల్లవారుజామునే లేచి చేసేవాళ్ళు. ఇప్పుడైతే ఏసీ గదిలో టేబుల్ మీద చేస్తున్నారు, అది సరైన పద్ధతే.

కొలత చాలా సులువు. చక్కెర పొడి 100 గ్రాములు, వెన్న 200, మైదా 300. జర్మనీ వైపు కూడా ఇదే ఒకటి, రెండు, మూడు లెక్క. గుడ్డు అక్కర్లేదు, బేకింగ్ పౌడరు అసలే అక్కర్లేదు. యాలకుల పొడి అర చెంచా, లేదంటే వెనిల్లా ఎసెన్సు ముప్పావు చెంచా. పసుపుపచ్చ వెన్న వంద గ్రాముల ప్యాకెట్లు రెండు విప్పితే సరిపోతుంది. అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి విడిగా వేయనక్కర్లేదు. ఉప్పులేని వెన్నయితే పావు చెంచా ఉప్పు వేయాలి, లేకపోతే చప్పగా ఉంటాయి. ఆరు సెంటీమీటర్ల అచ్చుతో, అర సెంటీమీటరు మందాన కోస్తే ఈ 600 గ్రాముల పిండికి 35 దాకా వస్తాయి.

ఇంత సులువైన లెక్క ఆ రోజుల్లో ఎందుకు తప్పేదంటే, తూకం లేక. పత్రికల్లోంచి కత్తిరించి పెట్టుకున్న కాగితంలో కప్పుల లెక్క, ఓవెను వేడి 350 ఫారెన్‌హీట్ అని ఉండేది. 350 అంటే సుమారు 177 సెల్సియస్. మన ఇంట్లో కప్పంటే కాఫీ కప్పో, స్టీలు గ్లాసో. 240 మిల్లీలీటర్ల కప్పులో మైదా జల్లించి వదులుగా పోస్తే 120 గ్రాములు, డబ్బాలో ముంచి కుదిస్తే 150. రెండున్నర కప్పుల దగ్గరికి వచ్చేసరికి 75 గ్రాముల తేడా. పిండి తక్కువైతే నక్షత్రం పరుచుకుని బిళ్ళ అయిపోతుంది, ఎక్కువైతే ఒత్తేటప్పుడే అంచులు పగుళ్ళు. వంటింట్లో తక్కెడ లేకపోతే, వీధి చివర కిరాణా కొట్లో 300 గ్రాములు పొట్లం కట్టించుకు రావడమే మేలు. తెలివైనవాళ్ళు అదే చేసేవాళ్ళు.

వెన్న సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఇంట్లో మీగడ చిలికి తీసిన వెన్నతో చేద్దామని అందరికీ ఉంటుంది. చేయొచ్చు, కానీ అందులో మజ్జిగ నీళ్ళు మిగిలి ఉంటాయి. ఆ నీళ్ళు మైదాలో కలిస్తే పిండి సాగుతుంది, బిస్కట్టు గుల్లగా కాక గట్టిగా వస్తుంది. చల్లటి నీళ్ళలో రెండు మూడు సార్లు కడిగి, చెక్క గరిటెతో నొక్కి నొక్కి నీళ్ళు తీసేసి, ఒక పూట ఫ్రిజ్‌లో పెట్టాకే వాడాలి. నెయ్యితో చేస్తే రుచి అద్భుతమే, కాకపోతే అది నాన్‌కటాయీ అవుతుంది. నెయ్యిలో నీళ్ళే ఉండవు కనుక పిండి పొడిపొడిగా ఉండి నక్షత్రం కొనలు చేతిలోనే విరిగిపోతాయి. అప్పట్లో డాల్డా వాడినవాళ్ళూ ఉన్నారు. నిజం చెప్పాలంటే ఆకారం అన్నిటికంటే బాగా నిలబడేది దాంతోనే, త్వరగా కరగదు కాబట్టి. తిన్నాక అంగిలికి జిడ్డుగా అంటుకునేది. అందులో ఉండే ట్రాన్స్ కొవ్వు గుండెకు మంచిది కాదని ఇప్పుడు అందరికీ తెలుసు. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెల్లోనూ కొవ్వుల్లోనూ దాన్ని 2 శాతానికి మించనివ్వకూడదని నియమం కూడా వచ్చింది. ఆ అలవాటు పోయినందుకు బెంగ పెట్టుకోనక్కర్లేదు.

చక్కెర మిక్సీలో పట్టి జల్లించాలి. పలుకులు మిగిలితే అవి ఓవెన్లో కరిగి పాకమై, పిండిని వెంటబెట్టుకుని పక్కకు జారతాయి. అంచు నున్నగా రాదు. బెల్లం పొడి వేస్తే రంగూ వాసనా బాగుంటాయి కానీ అది తేమను పట్టి ఉంచుతుంది, బిస్కట్టు మెత్తబడుతుంది, త్వరగా మాడుతుంది కూడా. బెల్లం వేసినప్పుడు గుండ్రటి అచ్చుతో సరిపెట్టుకోవడం నయం.

వెన్న వేలితో నొక్కితే గుంట పడాలి, వేలు లోపలికి దిగకూడదు. 18 నుంచి 20 డిగ్రీలంటే అదీ. డిసెంబరు పొద్దున బయట పెట్టిన వెన్న సరిగ్గా అలాగే ఉండేది. దాన్ని చక్కెరతో కలిపి రెండు నిమిషాలు, అంతకంటే వద్దు, చెక్క గరిటెతో రుద్దాలి. కేకు చేసి అలవాటైన చెయ్యి ఇక్కడే పొరపాటు చేస్తుంది. తెల్లగా నురగ తేలేదాకా గిలక్కొడుతుంది. ఆ గాలి కేకును పొంగిస్తుంది, బిస్కట్టును మాత్రం చెడగొడుతుంది. ఓవెన్లో గాలి వ్యాకోచించి పిండిని పైకెత్తుతుంది, వెన్న కరగగానే అదంతా కూలి పక్కకు పరుచుకుంటుంది. చేప తోక దగ్గర సన్నటి నొక్కు పూడిపోయేది అందుకే. బేకింగ్ పౌడరు వద్దనేది కూడా ఇందుకే. పైగా ఎత్తు మీద ఉన్న ఊరు, గాలి ఒత్తిడి తక్కువ, నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఇక్కడ పొంగేది ఏదైనా కాస్త ఎక్కువే పొంగుతుంది.

అయ్యంగార్ బేకరీల బిస్కట్లు గుల్లగా ఉండటానికి, పిండిని పొంగించే అమ్మోనియా ఉప్పు వేస్తారని తెలిసి కొందరు ఇంట్లోనూ వేసేవాళ్ళు. 1898లో చిక్‌పేటలో మొదలైన బీబీ బేకరీ, 1953 నాటి వి.వి. పురం వీబీ బేకరీ లాంటివాటి వెంట పేటపేటకూ పుట్టుకొచ్చిన ఆ కొట్లలో ఖారా బిస్కట్టు, బెణ్ణె (వెన్న) బిస్కట్టు రుచి చూసినవాళ్ళకు ఆ ఆశ సహజమే. అక్కడి భట్టీ వేడి వేరు, వాళ్ళ చేతివాటం వేరు. ఇంటి ఓవెన్లో మందంగా కోసిన బిస్కట్టులోంచి ఆ అమ్మోనియా పూర్తిగా ఎగిరిపోదు, కొరికితే ముక్కుకు ఘాటు తగులుతుంది. గుల్లదనం కావాలంటే 300 గ్రాముల మైదాలో 30 గ్రాములు తీసేసి అంత కస్టర్డ్ పౌడరు కలపండి. అది మొక్కజొన్న గంజిపొడే కాబట్టి సాగదు. లేత పసుపు రంగూ, వెనిల్లా వాసనా ఉచితం. అంతకు మించి వేస్తే నోట్లో సుద్దలా ఉంటుంది.

మైదా వేశాక కలపడం కాదు, దగ్గరికి తేవడం. వేళ్ళ చివర్లతో పోగుచేసి ముద్ద చేస్తే చాలు. చపాతీ పిండిలా మడిచి మడిచి పిసకడం మన చేతులకు పుట్టుకతో వచ్చిన అలవాటు, దాన్ని కాసేపు ఆపుకోవాలి. పిసికిన పిండి సాగుడు పట్టి, కోసిన తర్వాత వెనక్కి లాక్కుంటుంది. గుండ్రంగా కోసినది కోడిగుడ్డు ఆకారంలో రావడం చూశారా? పిసుకుడు ఎక్కువైందన్న మాట. ముద్ద కుదరకుండా విడిపోతుంటే చల్లటి పాలు ఒక చెంచా, అదీ చుక్కలు చుక్కలుగా.

ఇక ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చేది నందిని పాల ప్యాకెట్టు. లీటరు ప్యాకెట్టు మూడు వైపులా కత్తిరించి, సబ్బు నీళ్ళతో కడిగి, వంటింటి కిటికీ ఊచకు ఆరేసేవాళ్ళు. ఉగాదికి ఒబ్బట్లు తట్టడానికి దాచినవే డిసెంబరులో బిస్కట్లకూ పనికొచ్చేవి. మందంగా, ముడతలు పడకుండా ఉంటుంది ఆ కవరు. పిండి ముద్దను రెండు భాగాలు చేసి, ఒక్కోదాన్నీ ఒక అంగుళం మందాన బిళ్ళగా నొక్కి, రెండు కవర్ల మధ్య పెట్టి, గంటసేపు చల్లగా ఉండనివ్వాలి. ఆ గంటలో మైదా తడిని పీల్చుకుంటుంది, వెన్న బిగుస్తుంది. తర్వాత కవర్ల మధ్యనే ఒత్తాలి. పొడి పిండి చల్లుకుంటూ ఒత్తకూడదు. చల్లిన ప్రతి చిటికెడూ బిస్కట్టులోకి చేరి లెక్క తప్పిస్తుంది, పైన తెల్లటి మచ్చలుగా కూడా కనిపిస్తుంది.

మందం అంతటా ఒకేలా ఉండటానికి ఇప్పుడు కర్రకు రబ్బరు రింగులు అమ్ముతున్నారు. అప్పట్లో పిల్లల బడి సంచిలోంచి చెక్క స్కేళ్ళు రెండు తీసి, పిండికి అటొకటి ఇటొకటి పెట్టి, వాటి మీద అప్పడాల కర్ర దొర్లించేవాళ్ళు. స్కేలు మందమే బిస్కట్టు మందం, సుమారు అర సెంటీమీటరు. దీనికి మించిన పనిముట్టు ఇప్పటికీ రాలేదు. ఒక పక్క మూడు మిల్లీమీటర్లు, ఇంకో పక్క ఆరు ఉంటే తట్టలో సగం మాడతాయి, సగం పచ్చిగా ఉంటాయి. అప్పుడు ఓవెన్ని తిట్టుకుని లాభం లేదు.

కోతకు అచ్చు ఎలాంటిదన్నది కూడా ముఖ్యమే. రేకును పట్టీగా వంచి అతుకు దగ్గర టంకం వేసినవి, అడుగూ పైనా తెరిచి ఉన్నవి, బాగా కోస్తాయి. పై అంచు లోపలికి మడిచి ఉంటుంది, చెయ్యి తెగకుండా. అల్యూమినియంవి కొన్ని పైన మూతా, దానికో పిడీ ఉండి చూడటానికి ముచ్చటగా ఉండేవి. వాటితో ఒక చిక్కు. నొక్కినప్పుడు లోపల గాలి బిగుసుకుని, పైకి లేపితే పిండి అచ్చులోనే ఉండిపోతుంది. మూత నడుమ మేకుతో చిన్న బెజ్జం కొడితే గాలి ఆడుతుంది, ఆ బాధ వదులుతుంది. ప్లాస్టిక్ అచ్చుల అంచు మొద్దు, పిండిని కోయదు, నలుపుతుంది. ఇప్పుడు త్రీడీ ప్రింటర్ మీద ఎవరికి కావలసిన బొమ్మ వాళ్ళు చేయించుకుంటున్నారు. సరదాగానే ఉంటాయి, కానీ పొరల గీతల మధ్య పిండి ఇరుక్కుంటుంది, వేడి నీళ్ళలో వేస్తే వంకర పోతాయి. చల్లటి నీళ్ళతో మెత్తటి బ్రష్షు పెట్టి కడగాలి.

ఏ అచ్చూ లేని ఇంట్లో హార్లిక్స్ సీసా మూతే అచ్చు. దానితో గుండ్రంగా కోసి, అదే మూతను కాస్త పక్కకు జరిపి మళ్ళీ నొక్కితే చంద్రవంక. మిగిలిన ముక్క కోలగా, ఆకులా వస్తుంది. కత్తి కొనతో ఈనెలు గీస్తే సరి.

అచ్చును మైదాలో అద్ది, విదిలించి, నిటారుగా కిందికి నొక్కాలి. తిప్పకూడదు. తిప్పితే అంచు నలిగి, కాలేటప్పుడు ఒక పక్కకు ఒరుగుతుంది. అంచు నుంచి మొదలుపెట్టి, ఒకదానికొకటి దగ్గరగా, నక్షత్రం కొన సందులో ఇంకో నక్షత్రం కొన వచ్చేట్టు కోయాలి. నడి మధ్యలో మొదటి కోత వేసేది పిల్లలే, వాళ్ళను ఆపడం ఎవరి తరమూ కాదు. "పిన్నీ, చేప నాదే" అని ఒకరు, కళావరు కోసం ఇద్దరు. తర్వాత బొమ్మల్ని లేపకూడదు, వాటి చుట్టూ ఉన్న పిండిని లేపేయాలి. ఈ చిన్న కిటుకు తెలియకే సగం మనిషి బొమ్మలకు మెడలు సాగిపోతాయి. కింది కవరుతో సహా తట్టలోకి ఎత్తి పది నిమిషాలు ఫ్రీజర్లో పెడితే బొమ్మలు రేకుల్లా ఊడి వస్తాయి. ఫ్రీజర్లో చోటు లేకపోతే పల్చటి అట్లకాడను అడుగున జరిపి తీయాలి. మిగిలిన పిండిని ముక్కలు ముక్కలుగా పక్కపక్కన పేర్చి నొక్కాలి, ముద్ద చేసి పిసకకూడదు. రెండోసారి ఒత్తినవి బాగానే ఉంటాయి. మూడోసారివి గట్టిపడతాయి. అవి పిల్లల చేతికిచ్చేయండి, పాములో పీతలో చేసుకుంటారు.

తట్టకు నెయ్యి దండిగా రాయడం మన అలవాటు. దీనికి పనికిరాదు. నెయ్యి మీద బిస్కట్టు అడుగు జారిపోయి పరుచుకుంటుంది. వెన్న ప్యాకెట్టు విప్పాక మిగిలిన కాగితంతో ఒకసారి తుడిచి, మైదా చల్లి, దులిపేస్తే చాలు. ఇప్పుడు బేకింగ్ కాగితం అన్నిచోట్లా దొరుకుతోంది. మైనం పూత కాగితం వేరు, దాన్నుంచి ఓవెన్లో పొగ వస్తుంది, చూసి కొనాలి. వార్తాపత్రిక మాత్రం వద్దు, ఆ సిరా తిండికి తగలకూడదు.

గుండ్రటి ఓవెనుకు వేడి చూపించే ముల్లు ఉండేది కాదు, తగ్గించే మీటా ఉండేది కాదు. పెడితే వేడెక్కుతుంది, పీకితే చల్లారుతుంది. వేడి చూడటానికి హోమ్‌సైన్స్ పాఠాల్లో ఒక పద్ధతి చెప్పేవాళ్ళు. రేకు మీద చిటికెడు మైదా పల్చగా చల్లి లోపల పెట్టాలి. ఐదు నిమిషాల్లో బంగారు రంగు తిరిగితే వేడి 165 నుంచి 200 డిగ్రీల మధ్య ఉన్నట్టు. అంతకు ముందే నల్లబడితే ప్లగ్గు పీకి కాసేపు ఆగాలి. తెల్లగానే ఉంటే ఇంకా ఆగాలి. అన్నిటికంటే పెద్ద తంటా ఓల్టేజీ. సాయంత్రం ఆరు దాటితే వీధంతా దీపాలు వెలిగేవి, 230 ఉండాల్సింది 180కి పడిపోయేది. కాయిలు ఇచ్చే వేడి ఓల్టేజీ వర్గంతో పాటు తగ్గుతుంది. 180 దగ్గర వెయ్యి వాట్ల కాయిలు 600 వాట్లే ఇస్తుంది. పొద్దున పావుగంటలో అయిన తట్ట సాయంత్రం అరగంటకు కూడా కాదు. అంతకన్నా నష్టం ఏమిటంటే, మందకొడి వేడిలో అంచు గట్టిపడకముందే వెన్న కరిగి కారిపోతుంది. అందుకే ఓవెన్ పనంతా మధ్యాహ్నం మూడు లోపు ముగించేవాళ్ళు. కరెంటు కోత వేళలు గోడ మీది క్యాలెండరులో రాసి ఉండేవి, వాటినీ చూసుకునే మొదలుపెట్టాలి.

ఓవెన్ లేని ఇళ్ళలో ప్రెషర్ కుక్కరు. రబ్బరు, విజిలూ తీసేసి, అడుగున అంగుళం మందాన ఇసుకో రాళ్ళ ఉప్పో పోసి, దాని మీద స్టాండు పెట్టి, పది నిమిషాలు కాగనిచ్చి, తట్ట దింపి, సన్న సెగ మీద 20 నుంచి 25 నిమిషాలు. వేడంతా అడుగు నుంచే వస్తుంది కాబట్టి కింద ఎర్రబడి పైన పాలిపోయి ఉంటాయి. తట్ట కింద ఇంకో తట్ట బోర్లిస్తే అడుగు మాడడం తగ్గుతుంది. ఒక్కో వాయికి ఆరేడే పడతాయి, గ్యాసు ఖర్చు. ఆకారం మాత్రం, నమ్మండి, బాగానే నిలుస్తుంది. కుక్కరుకు గుండ్రటి బిస్కట్లే మంచివి, చెట్టు, జింక లాంటి సన్న కాళ్ళ బొమ్మలు వద్దు.

ఇప్పటి ఓటీజీలో (ఓవెన్-టోస్టర్-గ్రిల్లర్) 165 డిగ్రీలు, పై కాయిలూ కింది కాయిలూ రెండూ వెలగాలి, ముందు కనీసం పది నిమిషాలు కాగాలి. అర సెంటీమీటరు బిస్కట్టుకు 12 నుంచి 15 నిమిషాలు. సగంలో తట్ట తిప్పి పెట్టండి, ఏ ఓవెనుకైనా ఒక మూల వేడి ఎక్కువ. ఒక తట్టలో ఒకే సైజు బొమ్మలు పెట్టాలి. చిన్న నక్షత్రాన్ని పెద్ద గంట పక్కన పెడితే గంట కాలేసరికి నక్షత్రం బొగ్గు. తీయాల్సిన వేళ ఎలా తెలుస్తుందంటే, అంచు చుట్టూ సన్నటి గోధుమ రంగు గీత పడుతుంది, నడుమ ఇంకా పాలిపోయే ఉంటుంది, వేలితో తాకితే మెత్తగా ఉంటుంది. ఇంకా కాలేదని మళ్ళీ లోపలికి తోసేస్తారు చాలామంది. తోయకండి. తట్టలోని వేడికే అయిదు నిమిషాల్లో బిగుస్తాయి. నడుమ రంగు తిరిగేదాకా ఉంచితే చల్లారాక పళ్ళతో యుద్ధమే. ఆ అయిదు నిమిషాల లోపు తట్టలోంచి తీసినా విరుగుతాయి.

బొమ్మకు కళ్ళు పెట్టడంలోనూ కొంత చూసుకోవాలి. ఎండుద్రాక్ష కాలకముందే పెట్టాలి, సగం లోపలికి నొక్కాలి, లేకపోతే ఉబ్బి మాడి చేదవుతుంది. జెమ్స్ చాక్లెట్లు మాత్రం తట్ట బయటికి రాగానే, బిస్కట్టు ఇంకా మెత్తగా ఉన్నప్పుడే నొక్కాలి. ముందే పెడితే వేడికి ఆ రంగు పెంకు పగులుతుంది. టుట్టీఫ్రూటీ బొత్తాలుగా బాగుంటుంది. జీడిపప్పు బద్ద చంద్రవంక మీద పెట్టడం మన తెలుగువాళ్ళ చేర్పు అనుకుంటాను. కాలితే కమ్మగా ఉంటుంది, అంతే చాలు.

తెల్లటి పాకం గీతలకు ఐసింగ్ షుగరు 200 గ్రాములు, పాలు రెండు పెద్ద చెంచాలు, నిమ్మరసం నాలుగు చుక్కలు. గరిటె లేపి పోస్తే ఆ గీత పది సెకన్లలో కలిసిపోవాలి, ఆ చిక్కదనం బొమ్మ లోపల నింపడానికి. అంచు గీయడానికి ఇంకో రెండు చెంచాల చక్కెర కలిపి గట్టి చేసుకోవాలి. ముందు అంచు, అది ఆరాక లోపలి భాగం. బిస్కట్టు పూర్తిగా చల్లారకముందు పోస్తే పాకం కరిగి కారుతుంది. పాల ప్యాకెట్టు మూల కత్తిరిస్తే అదే గొట్టం. డిసెంబరులో ఒక రాత్రి ఆరితే పేర్చిపెట్టొచ్చు. జులై, ఆగస్టుల తేమలో రోజున్నరైనా జిగురు వదలదు. పచ్చి తెల్లసొన కలిపే పద్ధతి ఒకటుంది, గట్టిగా నిగనిగలాడుతుంది. పసిపిల్లలూ పెద్దవాళ్ళూ తినే ఇంట్లో పచ్చి గుడ్డు ఎందుకు, మెరింగ్ పౌడరు (తెల్లసొన ఎండబెట్టి చేసిన పొడి) దొరుకుతోంది కదా. ఏటా క్రిస్మస్ వేళ ఊళ్ళో జరిగే కేకుల ప్రదర్శన చూసొచ్చిన మర్నాడు, ఇంటింటా ఈ పాకం పని మీద హఠాత్తుగా ఉత్సాహం పుట్టేది. అక్కడ చక్కెరతో కట్టిన కోటలు చూసిన కళ్ళు కదా.

దాచేటప్పుడు గంటసేపైనా చల్లారనివ్వాలి. గోరువెచ్చగా డబ్బాలో పెడితే ఆవిరి మూతకు పట్టి, తెల్లారేసరికి మెత్తబడతాయి. పాకం వేసినవాటినీ వేయనివాటినీ ఒకే డబ్బాలో పెట్టకూడదు, యాలకులవీ వెనిల్లావీ కూడా కలపొద్దు, రెండు రోజుల్లో అన్నీ ఒకే వాసన. గాలి తగలని డబ్బాలో బెంగళూరులో మూడు వారాలు కరకరలాడుతూ ఉంటాయి. చెన్నైకి బస్సులో పంపిస్తే అక్కడ డబ్బా తెరిచిన మూడో రోజుకే నీరసిస్తాయి. అలా అయితే 150 డిగ్రీల దగ్గర అయిదు నిమిషాలు పెట్టి చల్లార్చండి, మళ్ళీ కరకరలాడతాయి. పాకం వేసినవాటికి ఈ చిట్కా పనిచేయదు. విరిగిన కాళ్ళూ కొమ్ములూ ఏరి పొడికొట్టి, సేమియా పాయసం మీద చల్లుకోవచ్చు.

రేకు అచ్చులకు శత్రువు తుప్పు. నానబెట్టకూడదు, పీచుతో గట్టిగా తోమకూడదు, టంకం దగ్గర పూత పోతే అక్కడే ఎర్రబడుతుంది. వేడి నీళ్ళలో ముంచి తీసి, మూలల్లో పిండిని పుల్లతో గీకి, గుడ్డతో తుడిచి, ఆపేసిన ఓవెన్లో ఇంకా వెచ్చగా ఉండగానే పది నిమిషాలు పెట్టాలి. తర్వాత డబ్బాలో తెల్ల కాగితం చుట్టి, అచ్చుల మీద బరువు పడకుండా సర్దాలి. వంకర పోయినవాటిని వేళ్ళతో మెల్లగా సరిచేయొచ్చు, పట్టకారు పెడితే పట్టీ విరుగుతుంది. అతుకు ఊడిందంటే రేకు పని చేసేవాళ్ళ దగ్గర టంకం వేయించుకోవచ్చు, కానీ ఆ టంకంలో సీసం లేదని అడిగి తెలుసుకోండి. పాత అచ్చుల్లో టంకం బూడిదరంగు ముద్దగా లోపలి వైపుకు పొంగి ఉంటే వాటిని పిల్లలకు ఆడుకోవడానికి కూడా ఇవ్వకండి. గోడకు మేకు కొట్టి వేలాడదీసుకుని, కొత్త స్టెయిన్‌లెస్ స్టీలు సెట్టు కొనుక్కోండి.